మేకు కొట్టని గోడ

వెనక గదిలో ఆ మనిషి గోడలకి రంగులేస్తోందట, ఎల్లుండికి గది ఖాళీ చెయ్యమంటే సామాను సర్దుకోవడం మానేసి కుంచె పట్టుకుందట, మతి గానీ చలించిందేమో ఒకసారి డాక్టరుకి చూపించమనండి, అని ఎదురింటి టైలరమ్మ పాలవాడితో అందట. పాలవాడు పాలల్లో నీళ్ళు కలుపుతాడేమో గానీ మాటల్లో చుక్క కూడా కలపడు. విన్నది విన్నట్టు నాలుగిళ్ళలో పోసి, ఆఖరికి ఈ ఇంటి గిన్నెలోనూ పోసి వెళ్ళాడు. దాన్ని ఆ మనిషి వదిన వంటింటి కిటికీలోంచి, ఎవరితోనూ అననట్టూ, అందరికీ వినపడేటట్టూ మళ్ళీ చెప్పింది.

వెనక గదిలో స్టూలు మీద నిలబడ్డ మనిషి అంతా విన్నది. విని, కుంచెను డబ్బాలో ముంచి, అంచుకి రెండుసార్లు గీరి, గోడ మూలలోకి మెల్లగా పోనిచ్చింది. ఉదయం అయిదున్నర. డ్యూటీకి ఇంకా గంట టైముంది. ఇది రెండో పూత.

మొదటి పూత చెడింది. గోడ దుమ్ము దులపకుండా వేసినందుకు ఎండకి కమిలిన చర్మంలా పొరలు పొరలుగా లేచింది. దాన్నంతా గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, తడిగుడ్డతో తుడిచేసరికి రెండు సాయంత్రాలు పట్టింది. ఆమెకు ఈ పని నేర్పుతున్నది ఫోనులో వీడియోలు పెట్టే ఒక అమ్మాయి. జుట్టు ముడేసుకుని, చొక్కా చేతులు పైకి మడిచి, "మొదటిసారి చేస్తున్నారా, భయపడకండి. చెడితే మళ్ళీ వేద్దాం. గోడ ఎక్కడికీ పోదు" అంటూ ఉంటుంది. గోడ ఎక్కడికీ పోదన్న మాట ఈమెకి బాగా నచ్చింది. పోయేది ఎవరో ఆ అమ్మాయికి తెలియదు కదా.

ఇంట్లో ఆమె పేరు "అమ్మాయి". యాభై ఆరేళ్ళు వచ్చినా, ముందు పళ్ళు రెండు ఊడినా అమ్మాయే. లాండ్రీలో మాత్రం మడతలమ్మ. హోటళ్ళ దుప్పట్లు ఉతికే ఆ పెద్ద లాండ్రీలో ముప్ఫై ఒక్కేళ్ళుగా మడతల బల్ల దగ్గర నిలబడే మనిషి. పొట్టిగా ఉంటుంది. మోచేతి కింద కండ మాత్రం మగాడిదిలా బిగుసుకుని ఉంటుంది. ఇన్నేళ్ళూ దుప్పటి అంచుల్ని నొక్కి నొక్కి బొటనవేళ్ళ మీది గీతలు అరిగిపోయాయి. లాండ్రీలో కొత్తగా పెట్టిన హాజరు మిషను ఆమె వేలిని గుర్తుపట్టదు. రోజూ సూపర్‌వైజరు విసుక్కుంటూ పుస్తకంలో టిక్కు పెడతాడు.

భర్త పోయిన మూడో నెలలో రెండు సూట్‌కేసులతో ఆమె అన్నయ్య ఇంటికి వచ్చింది. అన్నయ్య తాపీమేస్త్రీ. ఈ ఇల్లు ముందు నుంచి వెనక దాకా తన చేత్తో కట్టుకున్నాడు. అప్పుడు వదిన ఈ గది చూపించి, "ఎన్నాళ్ళుంటావో ఏమో గానీ, గోడకి మేకులు మాత్రం కొట్టకమ్మాయ్, పెచ్చులూడతాయి" అంది. చెడ్డగా అనలేదు. మామూలుగానే అంది. చెడ్డగా అనుంటే ఏదో ఒక రోజున ఎదురుచెప్పేదే. మామూలు మాటకి ఏం చెబుతాం?

అలా ఇరవై రెండేళ్ళు. అద్దం కిటికీకి ఆనించి తల దువ్వుకుంది. బట్టలు సూట్‌కేసుల్లోంచి తీసింది, సూట్‌కేసుల్లోనే పెట్టింది. గొడుగు తలుపు గొళ్ళేనికి వేలాడదీసింది. క్యాలెండరును మంచం మీద పరిచి తేదీ చూసుకుని, మళ్ళీ చుట్టి పరుపు కింద దాచింది. గదిలో సగం మాత్రమే ఆమెది. మిగతా సగం ఇంటికి అక్కర్లేని సామానుది.

కిందటి వారం కూల్‌డ్రింకుల ఏజెంటు ఒకడు సీసాల పెట్టెలు పెట్టుకోవడానికి గది కావాలని వచ్చాడు. ఆ సాయంత్రమే వదిన, "మెట్ల కింద బోలెడు చోటుంది. ఒక్క మనిషివి, నీకెంత కావాలి?" అంది. ఇదీ మామూలుగానే అంది. మర్నాడు ఆమె రంగుల కొట్టుకి వెళ్ళి, ఎవరో కలిపించుకుని నచ్చక తిరిగి ఇచ్చేసిన లేతాకుపచ్చ డబ్బా ఒకటి మోసుకొచ్చింది.

ఫోనులో అమ్మాయి ముందు గది సర్దమంది. ఉన్నదంతా మూడు కుప్పలు చెయ్యాలి. ఉంచుకునేవి, ఎవరికైనా ఇచ్చేవి, పారేసేవి. ఆమె బుద్ధిగా చేసింది. తనవన్నీ మొదటి కుప్పలోనే పట్టాయి, అదీ మోకాలెత్తు రాలేదు. రెక్క విరిగిన టేబుల్ ఫ్యాను, మూడు కాళ్ళ కుర్చీ, చక్రంలేని పిల్లల సైకిలు, పదేళ్ళ పేపర్ల కట్టలు, ఎండి గడ్డకట్టిన పాత రంగు డబ్బాలు మూడో కుప్పయ్యాయి. ఆ కుప్పను ఒక్కొక్కటే మోసుకెళ్ళి హాల్లో, టీవీ ముందు పేర్చింది.

"ఏంటమ్మాయ్ ఇది?" అంది వదిన.

"మూడో కుప్ప."

"అంటే?"

"పారెయ్యాల్సింది. నీ సామాను కదా వదినా, పారెయ్యడానికి నాకు చేతులు రాలేదు. నువ్వే చూసుకో."

నోట్లో నాలుక లేదనుకున్న మనిషి అలా అనేసరికి వదినకి రెండు రోజులు టీవీ కనపడలేదు, నోట మాటా రాలేదు. మూడో రోజు నుంచి కిటికీలోంచి మాట్లాడడం మొదలుపెట్టింది.

ఉండడమా పోవడమా అన్నది తర్వాత. అందులో ఆమెకి భ్రమలేం లేవు. పోయేలోపల ఈ గోడకి తన చేత్తో, సామాను పెట్టుకునే చెక్క పలక ఒకటి ఎక్కాలి. అదొక్కటే పట్టు. ఇరవై రెండేళ్ళు ఇక్కడొక మనిషి మసిలిందని ఈ గదికి తెలియాలి.

మూల పూర్తయింది. కుంచె కడిగి, పైన తొడుక్కున్న అన్నయ్య పాత చొక్కా విప్పి, నాలుగు మడతలు పెట్టి, ఆమె డ్యూటీకి బయల్దేరింది.

*

పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల కాదు. ఇద్దరు చెరో రెండు కొసలూ పట్టుకుని దూరంగా వెళ్ళి విదిలించాలి. తర్వాత ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. మళ్ళీ దూరం, మళ్ళీ దగ్గర. ఆమె జోడీ పేరు పొడుగుపిల్ల. పిల్లకి యాభై దాటాయి. మిషన్ల హోరులో దూరంగా ఉన్నప్పుడు మాట వినపడదు. అందుకని ఇద్దరూ కొసలు కలిసినప్పుడల్లా ఒక్కో మాట అనుకుంటారు. పదహారేళ్ళుగా వాళ్ళ కబుర్లన్నీ అలాగే నడిచాయి.

"రెండో పూత వేశావా?"

విడిపోయారు. విదిలించారు. కలిశారు.

"వేశా."

"ఎవడో సీసాలు పెట్టుకునే గదికి ఎందుకే అంత ముస్తాబు?"

"సీసాలకి కాదు, నాకు."

"రెండు రోజుల్లో పోయేదానివి."

"అందుకే తొందర."

ఆ దుప్పటి అయిపోయింది. ఇంకొకటి అందుకున్నారు.

"నా గదిలో రెండో మంచం ఖాళీగానే ఉంది. మెట్ల కింద పడుకున్నావంటే నీతో మాట్లాడను."

"నీ గోడకి మేకు కొట్టనిస్తావా?"

"నాలుగు కొట్టుకో. అద్దె కొంప, మన బాబు సొమ్మేం పోయింది."

ఆ తర్వాత ఎనిమిది దుప్పట్లు మడిచారు. తొమ్మిదో దాని కొసలు కలిసినప్పుడు మడతలమ్మ, "సాయంత్రం వస్తా" అంది. పొడుగుపిల్ల తలూపింది. దుప్పటి మడత మీద నీటిచుక్క ఒకటి పడితే, అదేదో ఆవిరి చుక్కన్నట్టు అరచేత్తో తుడిచేసింది.

*

రెండున్నరకల్లా ఇంటికొచ్చింది. పలక సిద్ధంగా ఉంది. లాండ్రీలో విరిచేసిన పాత మడతల బల్లది, నాలుగడుగుల ముక్క. ముప్ఫయ్యేళ్ళు అరచేతులు రాసుకుని నూనె పట్టించినట్టు నున్నబడింది. అడిగితే సూపర్‌వైజరు నవ్వి తీసుకెళ్ళమన్నాడు. స్క్రూలు, ఇనప బ్రాకెట్లు కొని, ఎలక్ట్రీషియన్ దగ్గర డ్రిల్లు అరువు తెచ్చింది.

నిన్న సాయంత్రం పలక ఎక్కడ రావాలో కప్పు నుంచి కొలిచి గుర్తులు పెట్టింది. రెండు కొసలకీ సరిగ్గా మూడేసి మూరలు. గుర్తుల ఎత్తుకి కుర్చీల మీద పలకను ఆనించి చూస్తే చక్కగా కనపడింది. కనపడింది గానీ, దాని మీద దారపు రీలు పెడితే గిరగిరా దొర్లి కింద పడింది. నేల మీద పడ్డాక కూడా ఆగకుండా ఉత్తరం మూలకి పోయింది. ఆ రీలుకి అది అలవాటే. ఇరవై రెండేళ్ళుగా చేతిలోంచి ఎప్పుడు జారినా ఆ మూలలోనే దొరుకుతుంది. మంచం కుదురుగా ఉండడానికి అటువైపు కోడు కింద ఆమె అట్టముక్కను ఎనిమిది మడతలు పెట్టి దోపింది. నేల ఉత్తరానికి వాటంగా ఉందని ఆమెకి తెలుసు. కప్పు సంగతి తెలియదు.

వసారాలో పడక కుర్చీలో అన్నయ్య కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళు పట్టేసి నాలుగేళ్ళయింది. పక్కన చేతికర్ర.

"అన్నయ్యా, నీ రసమట్టం ఒకసారి ఇస్తావా? పలక మట్టం చూసుకోవాలి."

ఆయన వీధిలోకి చూస్తూ, "దానికి కళ్ళు పోయాయిలే అమ్మాయ్" అన్నాడు.

అది అబద్ధమని ఆమెకి తెలుసు. ఆ పరికరాన్ని గుడ్డలో చుట్టి కుర్చీ పక్క గూట్లో పెట్టుకుంటాడు. వెనక్కి తిరిగి ఫోను తీసింది. ఫోనులో అమ్మాయి అన్నీ లేనివాళ్ళ కోసమే చెబుతుంది. సీసాలో సగం నీళ్ళు పోసి, మూత బిగించి, పడుకోబెట్టమంది. నీటి గీత రెండు వైపులా సమంగా నిలిస్తే చాలట.

కొత్త గుర్తులు పెట్టి, డ్రిల్లు గోడకి ఆనించి మీట నొక్కింది. భుజం దాకా అదిరింది. ఇటుకపొడి ఎర్రగా ముంజేతి మీద రాలింది. చప్పుడుకి వదిన పరుగెత్తుకొచ్చింది.

"ఏం చేస్తున్నావమ్మాయ్? గోడకి మేకులు కొట్టొద్దని చెప్పానా లేదా?"

"ఇవి మేకులు కావు వదినా, స్క్రూలు."

"వాటికేం తేడా?"

"మేకైతే పీకితే వచ్చేస్తుంది."

ఆరు కన్నాలు. వాటిలోకి ఆరు ప్లాస్టిక్ గట్టాలు. ఒక్కో స్క్రూనీ మణికట్టు నొప్పి పుట్టేదాకా బిగించింది. బ్రాకెట్ల మీద పలక పెట్టి, కింది నుంచి వాటినీ బిగించి, సీసా పడుకోబెట్టింది. నీళ్ళు కొంచెం ఊగి, కుదురుకున్నాయి. సమంగా ఉన్నాయి.

నాలుగడుగులు వెనక్కి వేసి చూసింది. పలక వంకరగా ఉంది. ఉత్తరపు కొస రెండు వేళ్ళ ఎత్తు లేచినట్టు, పచ్చటి గోడ మీద కొట్టొచ్చినట్టు కనపడుతోంది. మళ్ళీ వెళ్ళి సీసా చూసింది. నీళ్ళు సమంగానే ఉన్నాయి. సీసాను అటూ ఇటూ తిప్పి పెట్టింది. సమమే. సీసా తీసి దారపు రీలును అడ్డంగా పడుకోబెట్టింది. అది ఉన్నచోటనే ఉంది.

అప్పుడు తలెత్తి కప్పు అంచును చూసింది. గుమ్మం పైచెక్కను చూసింది. కిటికీ అంచును చూసింది. అన్నీ కలిసికట్టుగా ఒకే వైపుకి ఒరిగాయి. పునాది వాటంగా పడితే, దాని మీద వరసకి వరస పేర్చుకుంటూ పోతే, గదంతా అలాగే లేస్తుంది. అన్నీ ఒకేలా ఒరిగితే కంటికి ఏదీ ఒరిగినట్టు కనపడదు. వానలు వచ్చేస్తున్నాయని అన్నయ్య ఆ గదిని వారంలో లేపేశాడని ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

గుమ్మంలోంచి వసారా వైపు చూసింది. అన్నయ్య ఇటే చూస్తున్నాడు. కళ్ళు కలవగానే మొహం వీధి వైపు తిప్పుకున్నాడు. ఆమె రీలును పలక మీదే వదిలి సూట్‌కేసులు తీసింది.

*

అయిదింటికి ఏజెంటు వచ్చాడు. గుమ్మంలోనే ఆగి, "అబ్బో, ఇంత బాగుందంటే సీసాలెందుకండీ, నేనే వచ్చి ఉంటా" అన్నాడు. వదిన మొహం విప్పారింది. రంగు తానే దగ్గరుండి వేయించినట్టు గోడ మీద చెయ్యి వేసి చూపించింది.

"అమ్మాయి ఎల్లుండికి మెట్ల కిందకి మారిపోతుందండీ."

"ఎల్లుండి దాకా ఎందుకు?" అంది మడతలమ్మ.

అప్పటికే ఆమె సూట్‌కేసులు రెండూ మూసి ఉన్నాయి. పరుపు చుట్టి ఉంది. దుప్పటి నాలుగు మూలలూ కలిసి, కొత్తదానిలా మంచం నడుమ ఉంది. అద్దం, గొడుగు, క్యాలెండరు, అన్నీ చంకలోని సంచిలో పట్టాయి. మంచం కోడు కింది అట్టముక్క మాత్రం తియ్యలేదు.

"ఎక్కడికి?" అంది వదిన. మొదటిసారి ఆ గొంతులో మామూలుతనం లేదు.

"గోడలున్న చోటికి."

వసారాలో అన్నయ్య ముందు ఒక్క క్షణం ఆగింది. "వెళ్ళొస్తా అన్నయ్యా." ఆయన చెయ్యి కుర్చీ పక్క గూట్లోకి పోయింది.

సందులోకి వచ్చి, వెనక గది కిటికీ కింద చెయ్యి మార్చుకోవడానికి సూట్‌కేసులు దించింది. లోపల మాటలు స్పష్టంగా వినపడుతున్నాయి.

"అంతా బాగుంది గానీ అమ్మగారూ, ఆ పలక వంకరగా బిగించారండీ. తీయించెయ్యండి."

"చేతకాని పని చెయ్యొద్దంటే వింటేనా. పొద్దున్నే పీకిస్తాను. గోడంతా పాడుచేసి పోయింది."

చేతికర్ర చప్పుడైంది. ఒక్కో అడుగూ ఆగి ఆగి, వసారాలోంచి గదిలోకి వచ్చింది. ఆమె మునివేళ్ళ మీద లేచి కిటికీ ఊచల్లోంచి చూసింది. అన్నయ్య గుడ్డ విప్పి రసమట్టాన్ని పలక మీద, రీలు పక్కన పెట్టాడు. గాజులోని బుడగ రెండు గీతల మధ్యకి వచ్చి నిలిచేదాకా వంగి చూశాడు. కర్ర మీద బరువు వేసి నిటారుగా లేచాడు.

"పలక తిన్నగానే ఉంది. గదే వంకర. కట్టింది నేను."

పలక మీద దారపు రీలు, ఎటూ దొర్లకుండా, పెట్టినచోటనే ఉంది.