పన్నెండో వారం దాకా కిర్రు

కుర్చీల ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చిన మేనేజరు, ముప్పై ఏళ్ళుగా అక్కడి వడ్రంగి షాపు నడుపుతున్న మేస్త్రిని పిలిచి, యూనివర్సిటీలో పన్నెండు వారాల కోర్సుకు పంపుతున్నామన్నాడు. వస్తువులు ఎలా రూపొందించాలో, ప్రాజెక్టులు ఎలా నడిపించాలో పెద్ద ఉద్యోగులకు అక్కడ నేర్పుతారట. సర్టిఫికెట్ తెస్తే ఉద్యోగం ఉంటుంది, తేకపోతే ఉండదు. మేస్త్రికి ఆ షాపంటే ప్రాణం. రంపపు పొట్టు వాసన తగలని ఆదివారాలు ఆయనకు ఒంట్లో బాగోనట్టే ఉండేవి. నోరు మూసుకుని కోర్సులో చేరాడు.

మొదటిరోజే ప్రొఫెసరు, ఈ గదిలో ఒక సమస్యను పట్టుకుని పద్ధతి ప్రకారం పరిష్కరించండి అన్నాడు. మేస్త్రి జట్టు నాయకురాలు ఒక బ్యాంకు ఆఫీసరమ్మ. ఆవిడ చేతిలో గోడకి అంటించే పసుపు చీటీల కట్ట ఎప్పుడూ ఉండేది. తలుపు తీస్తే కిర్రుమంటోందని ఆవిడే కనిపెట్టింది. గంటలో గోడ నిండా చీటీలు వెలిశాయి. నాలుగు వారాలు చప్పుడు కొలవడం, నాలుగు వారాలు కారణం వెతకడం, మూడు వారాలు ఉపాయాలు ఆలోచించడం, పన్నెండో వారం బాగుచేయడం.

టీ తాగడానికి అందరూ బయటికి వెళ్ళారు. మేస్త్రి జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి బందు బిగించి, రెండు చుక్కల నూనె వేశాడు. తలుపు నోరు మూసుకుంది.

తిరిగొచ్చిన ఆఫీసరమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. "ఏం చేశారండీ మేస్త్రి గారూ?"

"కిర్రుమంటోందిగా అమ్మా. నూనె వేశా."

"అది పన్నెండో వారం పనండీ. మనమింకా మొదటి వారంలో ఉన్నాం."

ప్రొఫెసరు తలుపును మూడుసార్లు తీసి, మూడుసార్లు వేసి, నిట్టూర్చాడు. "సమస్యే లేకపోతే ప్రాజెక్టెలా చేస్తారు? మళ్ళీ మొదట్లో ఉన్నట్టే చెయ్యండి. లేకపోతే జట్టంతటికీ సున్నా."

మేస్త్రి నూనె తుడిచాడు. మరలు వదులు చేశాడు. ఇసక కూడా పోశాడు. అయినా ముప్పై ఏళ్ళు వంకరలు తీసిన చేతులకు చెడగొట్టడం ఎక్కడొస్తుంది? ఆయన ముట్టుకున్నకొద్దీ తలుపు ఇంకా మెత్తగా కదిలింది. చివరికి ఆఫీసరమ్మ ఒక చీటీ అంటించింది. దాని మీద 'తలుపు బదులు మేస్త్రి' అని రాసింది.

ఆ రోజు నుంచి తలుపు ఎవరు తీసినా వెనక నిలబడి "కిర్ర్" అనడం మేస్త్రి పనైంది. ఇంటి దగ్గర సాధన చేస్తుంటే భార్య కూరలు తరుగుతూ దిద్దింది. "కొంచెం సాగదీయండి. ఇది పిల్లి కూతలా ఉంది. తలుపులా లేదు." మూడోరోజుకి ఆవిడే ఒప్పుకుంది, "ఇన్నేళ్ళ కాపురంలో మీ నోట ఇంత స్పష్టమైన మాట వినలేదు."

రోజుకి నలభైసార్లు కొలిచారు. ఒకసారి మేస్త్రికి గొంతు పట్టేసి చప్పుడు సగమైతే, ప్రొఫెసరు మురిసిపోయి 'వాతావరణ ప్రభావం' అని ఒక అధ్యాయం రాయించాడు. ఐదో వారంలో కారణం వెతకడం మొదలైంది. అందరూ సీరియస్‌గా కూర్చున్నారు.

"చప్పుడు ఎందుకొస్తోంది?" అంది ఆఫీసరమ్మ.

"నేను నోరు తెరుస్తున్నా గనక," అన్నాడు మేస్త్రి.

"ఎందుకు తెరుస్తున్నారు?"

"మీరు తలుపు తెరుస్తున్నారు గనక."

తలుపు తెరవడం ఆపలేం కదా అని ఆవిడ చివరి చీటీ అంటించింది. మూలకారణం: మేస్త్రి. ఆయనకు మనసు చివుక్కుమంది. కానీ సర్టిఫికెట్ కళ్ళ ముందు ఆడుతుంటే అందరితోపాటు తనూ సంతకం పెట్టాడు.

పన్నెండో వారం పరీక్షకులు వచ్చారు. మేస్త్రిని వెనక బెంచీలో కూర్చోబెట్టారు. తలుపు తీశారు. చీమ చిటుక్కుమనలేదు. చప్పుడు నూటికి నూరుపాళ్ళూ పోయిందని గ్రాఫు చూపించేసరికి గదంతా చప్పట్లు. ఆ జట్టుకే మొదటి స్థానం. మేస్త్రికి నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సోమవారం ఆయన సర్టిఫికెట్ పట్టుకుని మేనేజరు గదికి వెళ్ళాడు. మేనేజరు బల్ల మీద యూనివర్సిటీ పంపిన నివేదిక ఉంది. ఒక వాక్యం కింద ఎర్రగీత ఉంది. 'చప్పుడుకు మూలకారణమైన మేస్త్రిని తొలగించగానే చప్పుడు పూర్తిగా పోయింది. ఈ మార్గాన్ని ఇతర చోట్లా పాటించవచ్చు.'

"మన షాపులో కూడా చప్పుడెక్కువే మేస్త్రీ. ముప్పై ఏళ్ళుగా ఉందట."

"అవి రంపాలు సార్."

"మరి ఇందులో మీ సంతకముందిగా?" అని మేనేజరు ఒక కవరు జరిపాడు. అందులో ఉద్యోగం నుంచి తప్పిస్తున్నట్టు కాగితం ఉంది.

మేస్త్రి ఆ కాగితం రెండుసార్లు చదివాడు. కవరు, సర్టిఫికెట్ కలిపి మడిచి గుమ్మం దాకా నడిచాడు. తలుపు తీస్తే పెద్దగా కిర్రుమంది. అలవాటుకొద్దీ చెయ్యి జేబులోకి పోయి, స్క్రూడ్రైవర్‌ని తడిమి, ఖాళీగా బయటికొచ్చింది.

మేనేజరు కాగితాల్లోంచి తలెత్తలేదు. "కోర్సు అయిపోయిందిగా మేస్త్రీ. ఇక ఆపండి."

"నేను కాదు సార్," అన్నాడు మేస్త్రి. "తలుపు."