బాబాయి చేసిన బంతికళ్లు

కంటి ఆసుపత్రిలో రిపేర్లు చూసే బాబాయికి చేతికి ఏది దొరికితే అదే పనిముట్టు. కొత్త డాక్టర్లకు ఖరీదైన శిక్షణ యంత్రం కొనడం మనవల్ల కాదని పెద్ద మేడం పెదవి విరిస్తే, ఆయన పింగ్‌పాంగ్ బంతిని రెండుగా కోసి, లోపల రెటీనా ఫొటో అతికించి, ముందు చిల్లుకు పాత లెన్సు బిగించి చక్కటి కన్ను చేసిచ్చాడు.

ఆ బంతుల మీద లేజరు నేర్చుకుంటున్న చిన్న డాక్టరమ్మను అందరూ తొందరమ్మ అంటారు. పేరుకు తగ్గ మనిషే. రెటీనా అంచుల్లో చుక్కలు కాల్చాలి, చూపంతా ఉండే నడిమధ్య జోలికి మాత్రం పోకూడదు. ఈవిడ మూడో బంతిలో సరిగ్గా అక్కడే కాల్చింది. ఏడోదాంట్లోనూ అంతే. బాబాయి బంతి విప్పి చూసి, కుడికన్ను చేత్తో మూసుకుని "అబ్బా!" అన్నాడు.

"బంతికి లేని బాధ మీకెందుకు బాబాయ్?" అని ఆమె ఉడుక్కుంది.

"సర్లే తల్లీ, ఇంకోటి చేసిస్తా."

వరసగా పది బంతులు తప్పు లేకుండా చేస్తేనే మనిషి కన్ను ముట్టుకోనిస్తానన్నారు మేడం. నలభయ్యో బంతికి గానీ ఆ ముచ్చట తీరలేదు.

మర్నాడు మొదటి పేషెంటుగా కుర్చీలో కూర్చున్నది బాబాయే! షుగరు ఆయన ఎడమకన్నును ఎప్పుడో మింగేసింది. మిగిలింది కుడిదొక్కటే. తొందరమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి.

"మేడం, మీరే చెయ్యండి. నావల్ల కాదు."

"ఆయన నిన్నే కావాలన్నాడు. నేను పక్కనే ఉంటాగా, చూడు ముందు."

చూసింది. పైన రక్తనాళం రెండుగా చీలి, ఒక పాయ కొక్కెంలా వంగి ఉంది. నలభై బంతుల్లోనూ చూసిన ఆ కొక్కెం ఆమెకు కొట్టిన పిండి. ఏడో బంతిని తగలబెట్టింది దాని కిందే.

"బాబాయ్! బంతుల్లో అతికించింది మీ కంటి ఫొటోనా?"

"మరి ఊళ్లోవాళ్లది అతికిస్తానా? ఎప్పటికైనా లేజరు తప్పదని మేడం ముందే చెప్పారు. చేసేవాళ్లకి దారి తెలిసుండాలి కదమ్మా. ఇక కానివ్వు. ఈసారి మాత్రం ఇంకోటి చేసివ్వలేను."

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. కళ్లు తుడుచుకుని, మళ్లీ లెన్సు పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తొందరపడలేదు. ఒక్కో చుక్కా పెడుతూ, ఆయన గొంతు కోసం చెవులు రిక్కించింది.

చివరి చుక్క దాకా బాబాయి ఒక్కసారి కూడా "అబ్బా" అనలేదు.