కంకిపాడు దగ్గర ఆగిన లారీ

హనుమయ్యగారు తన లారీలన్నిటికీ జీపీఎస్ పెట్టించిన ఏడాది, పటమట ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే పని షాహీదాకి వచ్చింది. అంతకుముందు ఏ లారీ ఎక్కడుందో ఆఫీసులో ఎవరికీ తెలిసేది కాదు. డ్రైవరు దారిలో ఫోన్ చేస్తే తెలిసినట్టు, లేకపోతే లేదు. ఇప్పుడు తెర మీద ప్రతి లారీ ఒక చుక్క. నడుస్తుంటే పచ్చన, ఆగితే ఎరుపు. ఆగిన బండికి వెంటనే ఫోన్ చేసి కారణం అడగడమే ఆమె పని.

"సరుకిచ్చే కంపెనీవాళ్ళు కూడా చూస్తున్నారమ్మా. ఎరుపు కనపడితే నన్ను నిలదీస్తారు," అని హనుమయ్యగారు ముందే చెప్పారు. ఎలాగూ ఆఫీసు నుంచి చూస్తున్నాం కదా అని బళ్ళ మీద క్లీనర్లని కూడా మానిపించేశారు.

షాహీదాకి ఆ పని నచ్చింది. ఆటోనగర్ లారీ మెకానిక్కు కూతురు. నాన్న బండి కింద దూరి ఒళ్ళంతా గ్రీజు చేసుకుంటే, తను ఫ్యాను కింద కూర్చుని అన్ని బళ్ళనీ నడిపిస్తున్నట్టుండేది.

ఆ రోజు ఏసుపాదం వైజాగ్ నుంచి రాత్రంతా నడుపుకుంటూ వచ్చాడు. చల్లపల్లి మనిషి, హనుమయ్యగారి దగ్గర పాత డ్రైవరు. ఆటోనగర్‌లో సరుకు దింపి, మళ్ళీ చక్కెర లోడు కోసం ఉయ్యూరు బయలుదేరాడు. కంకిపాడు దగ్గర అతని చుక్క ఎర్రబడింది. షాహీదా ఫోన్ చేసింది.

"ఆగారేంటి బాబాయ్?"

"కళ్ళు మూతలు పడిపోతున్నాయమ్మా. కాసేపు నడుం వాలుస్తాను."

"ఉయ్యూరు ఎంత దూరమని? అక్కడ లోడయ్యేలోపు పడుకోవచ్చు కదా. సార్ వచ్చే వేళయింది. ఎరుపు చూస్తే నన్నే అంటారు."

"సరేలే అమ్మా," అన్నాడు ఏసుపాదం.

చుక్క పచ్చబడింది. ఆమెకి హాయిగా అనిపించింది. తర్వాత్తర్వాత, ఆ హాయి గుర్తొచ్చినప్పుడే ఆమెకి ఎక్కువ సిగ్గేసేది.

కొంతసేపటికి అదే చుక్క మళ్ళీ ఎర్రబడింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. చెప్పినా వినకుండా పడుకున్నాడని విసుక్కుంటూ చేస్తూనే ఉంది. చివరికి ఎవరిదో కొత్త గొంతు పలికింది.

"ఈ లారీ మీదేనాండీ? కాలవ గట్టు కింద తిరగబడింది. చెరుకు తోటలో ఉన్నాం, ఫోను మోత విని వచ్చాం. మనిషి లోపల ఇరుక్కుపోయాడు."

ప్రాణం దక్కింది. కుడికాలు మాత్రం మోకాలి కింద తీసేశారు.

ఆస్పత్రికి వెళ్తే, ఏసుపాదం భార్య సువార్తమ్మ ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "నీ ఫోను మోగబట్టే ఆయన్ని చూశారు తల్లీ. దేవుడే నీ చేత చేయించాడు." షాహీదా నోరు తెరవబోయింది. మంచం మీద ఏసుపాదం ఆమె వంక చూసి, వద్దన్నట్టు తల ఊపాడు. నిద్ర పట్టేసింది, తప్పు నాదే అని అప్పటికే అందరికీ చెప్పేశాడు.

హనుమయ్యగారు ఆ సంగతిని ఊరంతా చెప్పుకున్నారు. లారీ ఓనర్ల మీటింగుకి షాహీదాని తీసుకెళ్ళి, కంప్యూటరు మా డ్రైవరు ప్రాణం ఎలా కాపాడిందో చెప్పమ్మా అని మైకు చేతికిచ్చారు. "ఫోన్ చేస్తూనే ఉన్నానండీ," అంది ఆమె. అంతవరకే అంది. చప్పట్లు కొట్టారు.

ఆ ఆదివారం చల్లపల్లి బస్సెక్కింది. సువార్తమ్మ చర్చి నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని ఉంది. షాహీదా నిలబడే, ఆ రోజు ఫోనులో తనన్న మాటలన్నీ చెప్పింది. సువార్తమ్మ మొహంలో రంగు మారింది.

"ఆయన ఆగాడా?"

"ఆగారండీ. నేనే కదిలించాను."

"ఇంటికొచ్చినప్పట్నుంచీ రోజూ తిడుతున్నాను. నిద్రొస్తే బండి పక్కన పెట్టుకోవాలని తెలీదా, ముసలాడివయ్యావు, బుద్ధి రాలేదని. ఒక్క మాట తిరిగి అన్లేదు." లేచి లోపలికి వెళ్ళింది. తలుపు వెనక ఏసుపాదం ఏదో సర్దిచెప్పడం, ఆమె ఏడవడం వినిపించాయి. బయటికొచ్చినప్పుడు కూర్చోమనలేదు.

"హనుమయ్యగారికి చెప్పావా?"

"లేదండీ."

"డ్రైవరుదే తప్పని మా మొహం చూడటం మానేశాడాయన. నాకు చెబితే నీ మనసు తేలికవుతుందేమో, మాకేం ఒరగదు. ఆయనకి చెప్పు."

మర్నాడు షాహీదా చెప్పింది. హనుమయ్యగారు బల్ల మీద చెయ్యి రాస్తూ విన్నారు. "ఫోన్ చెయ్యమంది నేనే కదా," అన్నారు చివరికి, ఆమె వైపు చూడకుండా. నిద్రకి ఆగిన బండి జోలికి పోవద్దన్నారు. ఆమెని మాత్రం ఉద్యోగంలోంచి తియ్యలేదు. తీసేసినా బాగుండేదనిపించింది ఆమెకి.

ఏసుపాదానికి ఆఫీసు వెనకున్న గోడౌన్ గేటు దగ్గర కూర్చుని చేసే పని ఇచ్చారు. చంకకర్రల మీద ఆమె కిటికీ పక్కనుంచే వెళ్ళాలి. "బాగున్నావా అమ్మా?" అని మామూలుగానే పలకరిస్తాడు. "బాగున్నాను బాబాయ్," అంటుంది షాహీదా. ఆ మాట అనేటప్పుడు చూపు కిందికి కాలి వైపు పోకుండా అతని మొహం మీదే నిలపడం ఆమెకి ఎన్నాళ్ళైనా అలవాటు కాలేదు.