మొహమాటం తెలియని కర్ర

నేను ఒక కర్రను అనగానే ఏ చెట్టుదని అడుగుతారు. నాకు చెట్టు లేదు. 'వజ్రకోన' అనే ఆన్‌లైన్ ఆట కోసం ఒక ఆఫీసులో ఒకమ్మాయి భోజనానికి లేచేలోపు నన్ను గీసి, కొనకు పచ్చరాయి అతికించి, ఊబి రాక్షసుడి పొట్టలో పెట్టి వెళ్లిపోయింది. ఎవరి వైపు చూపిస్తే వారికి ప్రాణం పోయడం నా పని. నన్ను పట్టుకున్నవారు చచ్చిపడితే నేను నేల మీద పడతాను. పక్కనున్నవారు ఎవరైనా తీసుకోవచ్చు. కాసేపట్లో ఎవరూ తీయకపోతే రాయి మిణుకుమిణుకుమని, నేను శాశ్వతంగా మాయమైపోతాను. చచ్చినవారు మాత్రం ఊరి చావడిలో లేచి, బట్టలు దులుపుకుని మళ్లీ వస్తారు. ఇదెక్కడి న్యాయమని అడుగుదామంటే ఆ అమ్మాయి నాకు నోరు గీయలేదు. చెవులు ఎలా వచ్చాయో గానీ, ఆడేవాళ్ల మైకుల్లోంచి వచ్చే ప్రతి మాటా వినబడుతుంది.

వినడమే నా చదువు. మొదట నన్ను సంపాదించింది గుంటూరు కుర్రాడొకడు. స్నేహితులంతా కలిసి రాక్షసుణ్ణి చంపితే, అదంతా తన ప్రతాపమే అనుకున్నాడు. మర్నాడు ఒంటరిగా అడవికి పోయి తోడేళ్లకు పలహారమయ్యాడు. ఆ తర్వాత నెల్లూరు పెద్దమనిషి ఒకాయన, పెద్ద యుద్ధానికి పనికొస్తుందని నన్ను సంచిలో దాచాడు. చిన్న యుద్ధంలోనే పోయాడు. ఇంకొకాయన ఇంట్లో కుక్కర్ కూసింది. కుక్కర్ అంటే ఏమిటో నాకిప్పటికీ తెలియదు. అది కూస్తే ఎంతటి వీరుడైనా కత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోతాడు. వజ్రకోనలో అంత శక్తి గల రాక్షసుడు లేడు.

అలా చేతులు మారి హిమజ దగ్గరికి చేరాను. హైదరాబాదులో ఉంటుంది. ఐదో నెల. మంచం దిగొద్దని డాక్టరు కట్టడి చేశాడు. తోచక, అనకాపల్లిలో ఉన్న తల్లి నూకరత్నాన్నీ, కరీంనగర్‌లో ఉన్న అత్త బాలమణినీ ఫోన్లలో ఈ ఆటలోకి లాగింది. అత్తకు కత్తి ఇచ్చింది, తల్లికి నన్ను ఇచ్చింది.

"అమ్మా, కొత్తవాళ్లు పెద్ద రాక్షసుడు కనబడగానే మీద పడతారు. అలా చెయ్యకు. ముందు ఊరి దగ్గర ఎలుకలతో, పందులతో చెయ్యి తిప్పుకోవాలి. దారిలో మూలికలు ఏరుకోవాలి. ఏదైనా కింద పడితే ఆలోచించకుండా తీసెయ్యాలి."

"ఎవరిదో వస్తువు మనం తీసీడమేటే?"

"ఇక్కడ మొహమాటాలు ఉండవమ్మా. ఇంకోటి, కర్ర పట్టుకున్నవాళ్లు ముందు తమ ప్రాణం చూసుకోవాలి. నువ్వు పడితే అందరం పడ్డట్టే."

అలాగేలే అంది నూకరత్నం. విన్నది మాత్రం లేదు. పందిని చంపితే వెండి కడియం పడింది.

"మీరు తీసుకోండి వదినగారూ."

"అయ్యో, మీరు తీస్కోండ్రి వదినె."

ఈలోగా కడియం కాస్తా మాయమైంది. ఆ తర్వాత డాలు, దాని తర్వాత ఒక జత జోళ్లు. వియ్యపురాళ్ల మర్యాదలకు వజ్రకోన ఖజానా హారతి కర్పూరమైపోయింది. మనుషులు ఒకరి మీద ఒకరు ఇంత గౌరవం ఎందుకు పెట్టుకుంటారో, పెట్టుకుని ఏం బావుకుంటారో నాకు అంతుపట్టలేదు.

నాకొక్కడికే తెలిసిన సంగతి ఇంకొకటుంది. ఆట మధ్యలో లేవాల్సి వస్తే నూకరత్నం మైకులో సన్నటి మూలుగు వినిపించేది. ఒకసారి మైకు ఆపడం మరచిపోయి భర్తతో అంది: "బిందె ఎత్తలేకపోతన్నాను, పసిగుడ్డునెలాగ ఎత్తుతాను? పిల్లకి గానీ వాళ్లత్తకి గానీ చెప్పేవంటే ఊరుకోను." తొలి పురుడు పుట్టింట్లోనే పోస్తానని పెళ్లినాడే మాట ఇచ్చేసిందట. ఇప్పుడు చేతకాదంటే పరువేం కాను?

ఏడో నెల వచ్చింది. ప్రయాణానికి డాక్టరు ఒప్పుకున్నాడు. అనకాపల్లికి రేపే టికెట్లు తీస్తానని హిమజ చెప్పిన సాయంత్రమే, ముగ్గురూ ఊబి రాక్షసుడి మీదికి వెళ్లారు. హిమజ ముందే పడిపోయి చావడిలో తేలింది. మిగిలిన ఇద్దరికీ ప్రాణం అడుగంటింది. నూకరత్నం తలమీద ప్రాణం ఎంతుందో చూపే గీత ఎర్రబడింది. నన్ను నీ వైపు తిప్పుకోవమ్మా అని నా రాయంతా కొట్టుకుంది.

"అమ్మా, నీకు పోసుకో!"

"ముందు వదినగారికి కానీయ్."

నన్ను అటే తిప్పి, తను కూలిపోయింది. మరుక్షణం బాలమణి కత్తికి రాక్షసుడూ కూలాడు. నేను బురదలో పడి ఉన్నాను.

"అత్తమ్మా, కర్ర తియ్యండి!"

"గది మీ అమ్మది బిడ్డా. ఆమె వచ్చి తీస్కుంటది."

"నానొచ్చేసరికి ఉండదు వదినగారూ!" చావడి నుంచి పరుగెత్తుతోంది నూకరత్నం.

"వద్దు వదినె, మీది మీకే ఉండాలె."

నా రాయి మిణుకుమంది. నిజం చెబుతున్నాను, భయమేసింది. ఎన్నో చావులు చూశాను గానీ వాటిలో నాది లేదు.

"తియ్యండి వదినా! నా వల్ల కాదు, మీరే తియ్యండి!"

వదినగారిలోంచి 'గారు' రాలిపోవడం అదే మొదటిసారి. ఆ ఊపులోనే ఆమె మిగతాదీ అనేసింది.

"కర్రొక్కటే కాదు వదినా. పురుడు కూడా నా వల్ల కాదు. నడుం పడిపోనాది. బిందె ఎత్తలేకపోతన్నాను. పిల్లని మీ ఇంటికి తీసుకెళ్లండి. పుట్టింటోళ్లు చెయ్యలేకపోనారని నలుగురూ నవ్వినా పర్లేదు."

ఆఖరి మిణుకులో బాలమణి చెయ్యి నన్ను అందుకుంది.

"గింత నొప్పి పెట్టుకోని నాకు ప్రాణం పోసుకుంట కూసున్నవా వదినె? గీ ముక్క ముందుగాల్నే చెప్పొద్దా? పిల్లను నేన్ తీస్కపోత. నువ్వు గూడ రా. నీళ్లు నేన్ పోస్త, నువ్వు కుర్చీల కూసోని ఎట్ల పొయ్యాల్నో చెప్పు. నా కొడుక్కు పోసి ముప్పై ఏండ్లాయె, నాకేం యాదికున్నది?"

హిమజ ఏడుస్తూ నవ్వింది. ఆ రెండూ ఒకేసారి చెయ్యొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆ తర్వాత ఎవరూ ఆటలోకి రాలేదు. బాలమణి బొమ్మ చేతిలో నేను ఊబి ఒడ్డునే నిలబడి ఉన్నాను. మొన్నొక పొద్దున్న ఆమె రోజువారీ కానుక కోసం ఆట తెరిచి, ఫోను ఎక్కడో పెట్టి మరచిపోయింది. మైకులోంచి కొత్త అరుపు వినిపించింది. సన్నగా ఉంది, కోపంగా ఉంది, ఆగడం లేదు. వజ్రకోనలో ఏ ప్రాణీ అలా అరవదు.

"నువ్వెత్తుకో వదినె."

"నానమ్మవి నువ్వుండగా నానేటి?"

"అమ్మమ్మవు, ముందు నువ్వే."

అరుపు పెరిగింది. నాకు గుండె ఉంటే ఆగిపోయేది. కిందున్నది ఎవరూ తీయకపోతే ఏమవుతుందో వీళ్లకింకా తెలిసి రాలేదా? కడియం పోయింది, డాలు పోయింది, ఇప్పుడు ఇది కూడానా? ఎవరో ఒకరు తొందరగా తియ్యండమ్మా!

"ఎత్తలేను గానీ," అంది నూకరత్నం, "నా ఒళ్లో పెట్టు వదినా. నాక్కావాలి."

అరుపు ఆగిపోయింది. సమయానికే తీసుకున్నారు.