నెలవంక బొట్టు

నాంపల్లిలో ఒక పాత బ్యాంకు భవనాన్ని డబ్బు చరిత్ర చెప్పే ప్రదర్శనశాలగా మార్చారు. డబ్బుతో ముడిపడిన ఇంటి వస్తువులేవైనా ఉంటే ఇమ్మని నిర్వాహకులు కోరినప్పుడు, నా మరదలు పద్మ ఐదు పాత ఐదువందల నోట్లు ఇచ్చింది.

వాటి మీద నా తమ్ముడు ప్రహ్లాద్ పెట్టిన కుంకుమ బొట్లున్నాయి. ఆబిడ్స్‌లోని మా కాగితాల దుకాణంలో కటింగ్ మెషీన్ తగిలి అతని ఉంగరపు వేలి కొస తెగిపోయింది. అందువల్ల అతడు పెట్టే బొట్టు ఎప్పుడూ నెలవంకలా పడేది.

దీపావళికి పూజించిన నోట్లు మరుసటి దీపావళి వరకు దేవుడి గూడు దాటకూడదని మా ఇంటి నియమం. 2016లో ఆ పూజ ముగిసిన కొద్ది రోజులకే ఆ నోట్లు రద్దయ్యాయి. మార్చుకోవడానికి గడువున్నా ప్రహ్లాద్ కదలలేదు.

"పూజల కూసున్న లక్ష్మిని లైన్ల నిలవెడ్తనా?" అన్నాడు.

"గట్లనే కూసోవెట్టు. నీ లక్ష్మి రేపు చాయ్ గూడ తాపియ్యది," అని పద్మ నవ్వింది.

ఇప్పుడు ప్రహ్లాద్ లేడు. గూటి గోడకు చెమ్మ పట్టి నోట్ల అంచులు నల్లబడసాగాయి. ప్రదర్శనశాల అద్దం వెనుకనైతే బొట్టు పదికాలాలు నిలుస్తుందన్న ఆశతోనే ఆమె వాటిని ఇచ్చింది. ఎందుకిస్తున్నదో ఆమె చెప్పలేదు, వాళ్లూ అడగలేదు.

ప్రదర్శన మొదలైన రోజు ఇద్దరం వెళ్లాం. అద్దం కింద పద్మ పేరుంది. నోట్లు శుభ్రంగా ఉన్నాయి. బొట్లు లేవు.

"వదినా, ఇవి మనయేనా?" అని పద్మ నన్నడిగింది.

నిర్వాహకుడు శ్రావణ్ సంబరంగా ఎదురొచ్చాడు. "కుంకుమ ఉంటే కాగితం ఖరాబైతదమ్మా. మెల్లమెల్లగ తీసి సాఫ్ చేసినం. ఇగ ఫికర్ లేదు."

అతని పని అతడు సక్రమంగానే చేశాడు. కాగితం నిలవాలంటే కుంకుమ పోవలసిందే. నేను ఆ బొట్టు సంగతి చెప్పేసరికి అతని ముఖం పాలిపోయింది.

"మాఫ్ చెయ్యున్రి అమ్మా. మళ్ల పెట్టిస్త. అచ్చం గట్లనే ఉంటది, ఎవ్వరు గుర్తువట్టరు."

పద్మ నోట్ల మీది అద్దానికి వేలు ఆనించింది.

"ఎవరి వేలుతోని పెడ్తవ్ బిడ్డా?"

ఇంటికి రాగానే ఆమె గూట్లోంచి, ఆ నోట్లు చుట్టి ఉంచిన పట్టుగుడ్డను తీసి కిటికీ వెలుగులో పరిచింది. మడతల నిండా ఎరుపు అంటుకొని ఉంది. ఎక్కడా నెలవంక లేదు.