కంటి బావి నీళ్ళు

ఆ ఊటను ఊళ్ళోవాళ్ళు కంటి బావి అంటారు. బావి అంటే మన చేదబావి లాంటిది కాదు. గొర్రెల బీడు మూల, బండల మధ్య మోకాలు లోతు నీళ్ళు. పక్కనే ముళ్ళచెట్టు, దాని కొమ్మల నిండా రోగాలు తీరాలని జనం కట్టిన గుడ్డపేలికలు.

మార్తా దేశంకాని దేశంలో, కాజిల్‌బార్ అనే ఊరి దగ్గర ముసలివాళ్ళ కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. ఒక్కగానొక్క కూతురు అబిగేయిల్ ఒకటో క్లాసు. పిల్ల కుడికన్ను ఎర్రబడి, జీపీ అనే ఊరి డాక్టరు ఇచ్చిన చుక్కలకు లొంగలేదు. కేర్ హోమ్‌లో నోరీన్ అనే ముసలామె, మార్తా తన తల దువ్వుతుంటే, ఆ బావి నీళ్ళతో కడిగితే ఎంతటి కన్నయినా తేటపడుతుందని చెప్పింది. మొగుడు కృపాదానం వింటే ఒప్పుకోడు. బాప్టిస్టు సంఘపెద్ద కొడుకాయె, పునీతుల పేరిట మొక్కే ఇలాంటి బావులంటే అతనికి విగ్రహారాధన కిందే లెక్క. అందుకే మార్తా చెప్పా పెట్టకుండా, డ్యూటీ దిగి వస్తూ సీసా నింపుకొచ్చింది.

తెచ్చినవి తెచ్చినట్టు పోస్తుందా? తెనాలి మనిషి. పసిదానికి ఏ నీళ్ళయినా కాచి చల్లార్చే వాడాలని తల్లి నూరిపోసింది. కాచింది, చల్లార్చింది, దూదితో కన్ను తుడిచింది.

మర్నాడు ఆ మాట చెప్పగానే నోరీన్ చేతిలో టీకప్పు ఆగిపోయింది. ఆ నీళ్ళు పొయ్యెక్కించకూడదట. ఎక్కిస్తే బావి అలుగుతుందట. తన మేనత్త ఎక్కిస్తే ఆ ఇంట్లో ఒకరి చూపు పోయిందట. ఎవరి చూపని మార్తా అడిగితే, ముసలామె కిటికీ వైపు తిరిగిపోయింది.

ప్రార్థన చేద్దామంటే, ఏ దేవుణ్ణి ఏమని అడగాలో మార్తాకు తోచలేదు. సాయంత్రం కారు మళ్ళీ అటే తిప్పింది. ఊట ముందు మోకరించి, తప్పయిపోయిందని తెలుగులోనే వేడుకుంది. మెడలోని స్కార్ఫు అంచు చింపి కొమ్మకు కట్టింది. ఈసారి సీసాను పొయ్యి ఛాయలకు పోనివ్వలేదు. కృపాదానం స్నానానికి వెళ్ళిన సందు చూసి, పచ్చినీళ్ళే పిల్ల కంట్లో పోసింది. ఆ మరుసటి రోజూ పోసింది.

ఆదివారం పొద్దునకు కన్ను ఉబ్బి మూసుకుపోయింది. “మామీ, ద లైట్ ఈజ్ హర్టింగ్ మీ,” అని పిల్ల దిండులో మొహం దాచుకుంది.

ఆసుపత్రికి పోతూ కార్లో మార్తా అంతా కక్కేసింది. కృపాదానం తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

“లోపల ఈ మాట ఎత్తకు,” అన్నాడు చివరికి. “ఇక్కడ పిల్లలకేమైనా అయితే ముందు తల్లిదండ్రుల్నే నిలదీస్తారు. సర్కారువాళ్ళు పిల్లని మన దగ్గర ఉంచుతారనుకుంటున్నావా?”

“మరి కన్ను సంగతేంటండీ?”

“కన్ను వాళ్ళు చూసుకుంటారు. నువ్వు నోరు మూసుకో.”

ముందుకుపోతే నుయ్యి, వెనక్కిపోతే గొయ్యి. చెప్తే పిల్లను తీసుకుపోతారని ఒక భయం, చెప్పకపోతే చూపు పోతుందని ఇంకో భయం.

డాక్టరు చిన్నపిల్లలా ఉంది. లైటు వేసి కన్ను చూసింది. జీపీ చుక్కలు కాక కంట్లో ఇంకేమైనా పోశారా అని అడిగింది. ఏమీ లేదని కృపాదానం గబుక్కున చెప్పేశాడు. ఆమె తలూపి, వాపు తగ్గించే చుక్కల సీసా మూత తీసి, పిల్ల రెప్ప పైకెత్తింది.

“ఆగండి డాక్టర్,” అంది మార్తా. “నీళ్ళు పోశాను. కంటి బావి నీళ్ళు. కాచకుండా పోశాను.”

డాక్టరు చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. సీసా బల్లమీద పెట్టేసింది. ఎన్నాళ్ళు పోశావని మెల్లగా అడిగి తెలుసుకుంది. మందలించలేదు. ఆ నీళ్ళలోని క్రిమి కంట్లో ఉంటే ఈ చుక్కలు దానికి మేత వేసినట్టే అయ్యేవని చెప్పి, గాల్వే పట్నంలోని కంటి స్పెషలిస్టుకు ఫోన్ చేసింది. వెంటనే బయల్దేరమంది.

“చూపు దక్కుతుందా?”

ఇప్పుడే చెప్పలేనంది డాక్టరు.

“పిల్లని మా దగ్గర్నుంచి తీసుకుపోతారా?”

డాక్టరు ఆమె మొహంలోకి చూసింది. అడగాల్సినవాళ్ళు అడుగుతారు, ఇప్పుడు చెప్పినట్టే అప్పుడూ చెప్పు, ముందు కన్ను, అంది.

కృపాదానం కారు తాళాలు తీసుకుని ముందు నడిచాడు. మార్తా పిల్లను భుజానికెత్తుకుంది. వెలుతురు పడకుండా అది తల్లి మెడలో మొహం దూర్చుకుంది. ఆ ఉబ్బిన కన్ను నిప్పుకణికలా చర్మానికి తగులుతుంటే, కారు దాకా మార్తా దాని తల మీద నుంచి చెయ్యి తియ్యలేదు.