కాకి ముట్టని ముద్ద

తూము జాలికి పట్టిన నాచును కదిరమ్మ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి వేళ్ళతో పీకుతోంది. శివరాత్రి పోయింది. సోమందేపల్లె దిగువనున్న ఈ చెరువు సగానికి తగ్గింది. వంగితే నడుము పట్టేస్తోంది, లేస్తే మోకాళ్ళు. పొలాలకు నీళ్ళు పంచే నీరుగంటి పని భర్త ఆదెప్పది. ఆయన పోయిన పదకొండో రోజు నుంచి ఆమెది. చేస్తావా అని ఎవరూ అడగలేదు.

మాటలు వినిపించి తలెత్తింది. హోటలు పుల్లన్న నీటి అంచుకు దిగుతున్నాడు. వెనక, అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పే హేమావతి, మెడలో బైనాక్యులర్‌తో.

ఏటా చలికాలంలో ఉత్తరాది మంచుకొండల అవతలి నుంచి వచ్చే బాతులకు తలమీద రెండు నల్లగీతలుంటాయి. ఈ ఏడు వాటిలో ఒకటి వేరుగా ఉంది. గులాబీ ముక్కు, దాని మొదట్లో తెల్లపట్టీ, పొట్టమీద నల్లచారలు. అటువంటిది ఈ సీమకు రాదట. దారి తప్పిన అడవిపక్షో, ఎవరి పెంపకం నుంచో తప్పించుకున్నదో హేమావతి తేల్చాలి. అడవిదైతే దాన్ని ఎవరూ పట్టుకోకూడదు.

"మా తోటలోదే మేడం. కంచె దాటి వచ్చినాది," అన్నాడు పుల్లన్న. చేతిలో గోనెసంచి.

"రెక్కలు కత్తిరించలేదు. కాలికి కడియం లేదు. అడవిదే అనిపిస్తోంది."

అంతలో ఆ బాతు ఈదుకుంటూ వచ్చి కదిరమ్మ కొంగును ముక్కుతో లాగింది.

పుల్లన్న నవ్వాడు. "అడవిపక్షి యాడన్నా మనిషి కొంగు పట్టుకుంటాదా?"

హేమావతి రాసుకున్నది కొట్టేసింది. పుల్లన్న సంచి నోరు విప్పాడు.

"నేనే అలవాటు చేసినా," అంది కదిరమ్మ తల దించుకుని. "పుష్యమాసం అమావాస్యకు మా ఆయప్పకని రాగిముద్ద పెడితి. పొద్దెక్కినా కాకి ముట్టలే. ఇది వచ్చి తినె. ఆయప్పే అనుకుంటి. ఆపొద్దు నుంచి దినామూ పెడతాండా."

"ఏమక్కా, ఆదెప్పన్నకు రెక్కలు మొలిచినాయా? గట్టెక్కనీకే ఆయాసపడతాండె గదా!"

"బతికినన్ని దినాలూ నీ హోటల్లోనే పడుండె. సచ్చినంక గూడా నీ పొయ్యికాడికే రావల్నా?"

హేమావతి నవ్వలేదు. "ముద్దకే మరిగి ఉంటే, తరిమితే పోవాలమ్మా. గుంపుతో ఎగిరిందంటే అడవిదని రాస్తాను. నీ కాళ్ళ దగ్గరే తిరిగితే, ఆయన పట్టుకుపోతానంటే కాదనలేను."

కదిరమ్మ చప్పట్లు కొట్టింది. బాతు ముద్ద కోసం ఆమె చేతులకేసి చూసింది. మట్టిగడ్డ విసిరితే రెండు బారలు జరిగి మళ్ళీ దగ్గరకు వచ్చింది. నలభై ఏళ్ళలో ఆదెప్ప ఎంత ఆలస్యంగా వచ్చినా ఆమె గొంతు లేపలేదు. సంగటి వేడిచేసి ముందు పెట్టింది, అంతే.

"పో," అంది. బాతు కదల్లేదు.

వంగి, ముళ్ళకు భయపడి నీళ్ళలో కూడా విడవని చెప్పు తీసి, గట్టిగా విసిరింది.

అది వీపుకు తగిలింది. బాతు అరిచి, నీళ్ళమీద పరిగెత్తి లేచింది. దాని వెనకే గుంపంతా లేచింది. పెనుకొండ గుట్టలమీదుగా ఉత్తరానికి పోయి, చుక్కలై, కనిపించకుండా పోయాయి.

హేమావతి ఒక మాట రాసుకుంది. పుల్లన్న సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"మళ్ళా వస్తాదా మేడమ్మా?"

"రాకపోవచ్చమ్మా."

కదిరమ్మ తలాడించి జాలి వైపు వంగింది. ఇంకా సగం నాచు ఉంది. బోర్లాపడిన చెప్పు నీళ్ళమీద తేలుతూ, మెల్లగా, తూము వైపే కొట్టుకువస్తోంది.